పెద్దపిల్ల బడి ఎందుకు మానింది?

(స్త్రీల సమాజం, యవ్వనస్థుల ఉమ్మడి కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ కూడికలో మాట్లాడమని కాపరిగారు మమ్మల్ని అడిగినప్పుడు, పనిచేసే తల్లుల గురించి రెండు మంచి మాటలు చెప్తే చాలనుకున్నాం. సిద్ధపడుతుంటే మా తప్పు ఒకటి మాకే కనబడింది. ముందు దాన్ని ఒప్పుకుని, తర్వాత సంగతికి వస్తాం.

పోయిన క్రిస్మస్‌కు మన ఆదివారపు బడిలో పదమూడేళ్ళ అమ్మాయికి బహుమతి ఇచ్చాం. మీలో చాలామంది చప్పట్లు కొట్టారు. ఎందుకిచ్చాం? రెండేళ్ళ తమ్ముణ్ణి చంకనెత్తుకుని ఒక్క ఆదివారం కూడా మానకుండా వచ్చిందని. "చిన్న తల్లి" అని పేరు కూడా పెట్టాం. అదే అమ్మాయి జూన్ నుంచి సోమవారం మొదలు శనివారం దాకా బడికి వెళ్ళడం లేదని మనలో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. ఆదివారం మనకు ముచ్చటగా కనిపించిన ఆ చంటివాడే మిగతా ఆరు రోజులూ ఆమె చేత పుస్తకం మూయించాడు. పిల్లవాడి తప్పు కాదు, పిల్ల తప్పు కాదు. తల్లి తప్పు అని ఎవరైనా అంటారేమో, ఆ తల్లి రోజు ఎలా గడుస్తుందో వినండి.

ఆమె మారికుప్పంలో తెల్లవారకముందే రైలెక్కుతుంది. ఛాంపియన్, ఊరుగాం, కోరమండల్, బంగారపేట మీదుగా బెంగళూరు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసినప్పటి నుంచి మన కె.జి.ఎఫ్. ఇళ్ళు ఆ రైలు మీదే బతుకుతున్నాయి. మన తాతలు చిత్తూరు నుంచి, నెల్లూరు వైపు నుంచి బంగారం తవ్వడానికి ఇక్కడికి వచ్చారు. మనం ఇంకొకరి ఆఫీసు తుడవడానికి, ఇంకొకరి చొక్కా కుట్టడానికి ఇక్కడి నుంచి వెళ్తున్నాం. ఆమె బెంగళూరులో ఒక పెద్ద ఆఫీసు భవనంలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. నెలకు పన్నెండు వేల చిల్లర. ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. ఆ భవనంలో రెండో అంతస్తులో పిల్లల గది ఉంది. రంగుల గోడలు, మెత్తటి చాపలు, బొమ్మలు. రోజూ ఆ గది తుడిచేది ఆమే. తన పిల్లవాణ్ణి అక్కడ ఉంచవచ్చా అని ఆమె ఎన్నడూ అడగలేదు. అడగాలన్న ఆలోచనే తనకు రాలేదని మాతో చెప్పి నవ్వింది. ఆ నవ్వు చూశాక మాకు నిద్ర పట్టలేదు.

ఈ ఇంట్లో ఏం జరిగిందో వెనక్కి వెళ్ళి చూద్దాం. మన లైన్లలో ఒకప్పుడు ఒక క్రెష్ నడిచేది, పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఒక స్వచ్ఛంద సంస్థ నడిపేది. డబ్బు రావడం ఆలస్యమై, తర్వాత ఆగి, అది మూతపడింది. అప్పటి నుంచి పిల్లల్ని అమ్మమ్మలు చూశారు. ఈ ఇంట్లో కూడా అమ్మమ్మే చూసింది. పోయిన వేసవిలో అమ్మమ్మకు పక్షవాతం వచ్చింది. ఇప్పుడు ఆ పిల్లకు చూసుకోవలసినవాళ్ళు ఇద్దరు. క్రెష్ పోయిన బరువు అమ్మమ్మ మీద పడింది, అమ్మమ్మ పడిపోతే మనవరాలి మీద పడింది. ప్రభుత్వం లెక్కల్లో ఒక పద్దు తగ్గించి డబ్బు మిగిలిందని రాసుకోవచ్చు. ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు, ఇంకొకరు కడుతున్నారు, అంతే. మన దగ్గర దాన్ని కడుతున్నది ఎనిమిదో తరగతి పిల్ల.

ఆ పద్దు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఓపిక పట్టండి. పనికిపోయే తల్లుల పిల్లల కోసం 2006లో రాజీవ్ గాంధీ జాతీయ క్రెష్ పథకం వచ్చింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలు, ఒక్కో క్రెష్‌లో 25 మంది. ఖర్చులో 90 శాతం కేంద్రం, 10 శాతం నడిపే సంస్థ పెట్టుకునేవి. 2017లో దాని పేరు, పద్ధతి మార్చారు. కేంద్రం 60, రాష్ట్రం 30, సంస్థ 10. వినడానికి చిన్న మార్పు. కానీ ఎప్పుడూ తన వాటా పెట్టని రాష్ట్రం కొత్తగా పెట్టాలి, కేంద్రం డబ్బు రాష్ట్రం చేతుల మీదుగా రావాలి, ఒకరి కోసం ఒకరు ఎదురుచూడాలి. ఈ ఎదురుచూపులో ఆయాకు జీతం ఎవరిస్తారు? గదికి బాడుగ ఎవరు కడతారు? 2015లో దేశంలో 23 వేలకు పైగా ఇలాంటి క్రెష్‌లు ఉండేవి. 2020 నాటికి ఆరున్నర వేల లోపుకు వచ్చాయి. పథకం రద్దు చేస్తున్నామని ఎవరూ ప్రకటించలేదు. ధర్నా చేయడానికి కూడా ఒక తారీఖు మిగల్లేదు.

మనం ఎంత పోగొట్టుకున్నామో రూపాయల్లో చూడండి. ఆ పథకంలో పేద కుటుంబం నెలకు కట్టవలసింది బిడ్డకు 20 రూపాయలు. ఇప్పుడు మన వీధిలో పిల్లల్ని చూసుకునే ఇంటావిడ నెలకు రెండున్నర వేలు తీసుకుంటుంది, పాలు, బిస్కట్లు వేరే. ఆమెను తప్పుపట్టడం లేదు, ఆమెకూ పొయ్యి వెలగాలి కదా. కానీ పన్నెండు వేల జీతంలో రెండున్నర వేలు ఇక్కడ, బాడుగ, రైలు పాసు, అమ్మమ్మ మందులు పోతే ఏం మిగులుతుంది? అందుకే ఆ తల్లి లెక్క వేసుకుంది. లెక్కలో అందరికంటే చవకగా దొరికింది సొంత కూతురు.

ఇంకో సంగతి. ఆ పాత క్రెష్‌లో పిల్లల్ని చూసే టీచరమ్మకు నెలకు ఎంతిచ్చేవారో తెలుసా? 3,000. సహాయకురాలికి 1,500. ఇద్దరికీ కలిపి 4,500, పిల్లలు 25 మంది. అంటే ఒక బిడ్డను రోజంతా కనిపెట్టుకుని ఉండడానికి దేశం పెట్టిన వెల నెలకు 180 రూపాయలు. దానికి జీతం అనే పేరు కూడా లేదు, గౌరవ వేతనం అన్నారు. అంగన్‌వాడీ కార్యకర్తకు కేంద్రం ఇచ్చేది 2018 నుంచి 4,500 దగ్గరే నిలిచి ఉంది, పైన రాష్ట్రం ఎంత కలిపితే అంత. కాబట్టి మనం క్రెష్ కావాలని అడిగేటప్పుడు, ఒక పేద స్త్రీ బరువు దించి ఇంకొక పేద స్త్రీ నెత్తిన పెట్టమని అడగకూడదు. ఆయాకు సరైన జీతంతో సహా అడగాలి. సంఘంలో ఈ మాట తక్కువగా వింటాం, ఎందుకంటే "సేవ" అనే పదం మనకు బాగా అలవాటు. పిల్లల్ని చూడడం సేవే. సేవ అయినంత మాత్రాన కూలి ఎగ్గొట్టవచ్చని ద్వితీయోపదేశకాండములో లేదు. సూర్యుడు అస్తమించకముందే ఇచ్చెయ్యమని ఉంది.

డబ్బు బదిలీ పథకాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. మన రాష్ట్రంలో గృహలక్ష్మి కింద నెలకు 2,000 వస్తుంది, మహారాష్ట్రలో ఉన్న మనవాళ్ళకు లాడ్కీ బహిణ్ కింద 1,500. అవి వచ్చిన ఇళ్ళల్లో అప్పు కొంచెం తగ్గింది, మేము కళ్ళారా చూశాం. వాటిని ఎగతాళి చేసేవాళ్ళతో మేము ఏకీభవించం. అయితే ఆ డబ్బు ఆలస్యమవుతుంది, వచ్చిన పేరు ఒకరోజు పోతుంది. ఇక్కడ మనవాళ్ళకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. రేషన్ కార్డులో లక్ష్మమ్మ, బాప్తిస్మపు పేరు మరియమ్మ, ఆధార్‌లో ఇంకొకటి, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు వెనక్కి ముందుకి. కె.వై.సి. అడిగినప్పుడల్లా ముందుగా రాలిపోయేది మన తల్లుల పేర్లే. దరఖాస్తు కన్నడంలోనో మరాఠీలోనో ఒడియాలోనో ఉంటుంది, తల్లికి వచ్చింది తెలుగు మాట ఒక్కటే. పైగా 2,000 రూపాయలు పిల్లవాణ్ణి ఎత్తుకోలేవు. డబ్బు ఉన్నా, బిడ్డను దించడానికి ఊళ్ళో ఒక చోటు ఉండాలి కదా.

కాన్పు సాయం సంగతి కూడా అంతే. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి కనీసం 6,000 రూపాయలు అని రాసింది. ఎన్నో బిడ్డ అని అడగలేదు. 2017లో ప్రధానమంత్రి మాతృ వందన యోజన వచ్చేసరికి అది 5,000 అయింది, మిగతాది ఆసుపత్రి కాన్పు పథకంలోంచి సర్దుతామన్నారు, పైగా మొదటి బిడ్డకే అన్నారు. 2022 నుంచి రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 ఇస్తున్నారు. మనం చెప్పుకుంటున్న ఇంట్లో రెండో బిడ్డ మగపిల్లవాడు, కాబట్టి కేంద్రం నుంచి ఏమీ రాలేదు. మగపిల్లవాడికి ఆకలి వేయదా? ఒడిశాలో 2011లోనే మమత పథకం రెండు కాన్పులకూ మొదలుపెట్టారు. తమిళనాడులో ముత్తులక్ష్మి రెడ్డి పథకం కింద ఇచ్చేది 18,000. బరంపురంలో, రాయగడలో, హోసూరులో మన చుట్టాలున్నారు, అడిగి చూడండి. కోలారులో కన్న తల్లికి, హోసూరులో కన్న తల్లికి మధ్య దూరం బస్సులో కొద్ది గంటలే.

చట్టం ఏం చెబుతుందో కూడా తెలుసుకోవాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షన్ ప్రకారం 30 మందికి మించి స్త్రీలు పనిచేసే ఫ్యాక్టరీలో ఆరేళ్ళలోపు పిల్లలకు క్రెష్ ఉండాల్సి ఉండేది. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, సెలవు 26 వారాలు చేసి, 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థలో క్రెష్ ఉండాలన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. ఇప్పుడు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో, ఫ్యాక్టరీకైనా సరే 50 మందికి మించి కార్మికులుంటేనే అన్న లెక్క పెట్టారు. మంచి ఏమిటంటే, అక్కడ స్త్రీలు పురుషులు అని చూడలేదు, తండ్రి కూడా అడగవచ్చు. చెడు ఏమిటంటే, 35 మంది ఆడవాళ్ళు, ఐదుగురు మగవాళ్ళు ఉన్న చిన్న కుట్టు యూనిట్‌కు నిన్నటిదాకా వర్తించిన షరతు నేడు వర్తించదు. మన అక్కచెల్లెళ్ళు ఎక్కువగా పనిచేసేది అలాంటి చిన్న యూనిట్లలోనే. ఇక హౌస్‌కీపింగ్ వాళ్ళు ఆ భవనం మనుషులే కాదు, కాంట్రాక్టరు మనుషులు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్తగా చేరినట్టే.

షోలాపురంలో మన తెలుగు బీడీ కార్మికులకు ఈ సంగతి ముందే అనుభవం. బీడీ కంపెనీల్లో క్రెష్ ఉండాలని 1966 చట్టంలో ఉండేది. కానీ బీడీ చుట్టడం ఇంటికి వచ్చేసింది. ఇంట్లో క్రెష్ ఎవరు పెడతారు? తల్లి ఒళ్ళో ఆకు, పొగాకు చేట, పక్కన పాకే బిడ్డ. ఇంట్లో ఉండి పనిచేస్తే పిల్లల సమస్య తీరిపోతుందనుకునేవాళ్ళు ఒకసారి ఆ గదిలో పొగాకు ఘాటు పీల్చి చూడాలి.

మన సంఘాల్లో వినబడే రెండు అభ్యంతరాలున్నాయి. బయటివాళ్ళు కాదు, మనవాళ్ళే అంటారు కాబట్టి ఇక్కడే మాట్లాడుకోవాలి. ఒకటి, "ఉచితాలు మనిషిని సోమరిని చేస్తాయి, పనిచేయనివాడి గురించి పౌలు థెస్సలొనీకయులకు ఏమి రాశాడు?" అని. అయ్యా, తెల్లవారకముందు రైలెక్కే మనిషికి ఆ వాక్యం చూపిస్తున్నారా? ఆమె అడిగేది పనికి వెళ్ళడానికి కావలసిన సాయం. క్రెష్ లేకపోతే ఎక్కువమంది పని మానుకుంటారు.

రెండోది, "తల్లి ఇంట్లో ఉండాలి, సామెతల గ్రంథం 31వ అధ్యాయం చదవండి" అని. చదివాం. ఆ గుణవతి చీకటితోనే లేస్తుంది, నూలు వడుకుతుంది, పొలం చూసి కొంటుంది, నేసిన బట్టలు అమ్ముతుంది. ఇంకొక సంగతి కూడా అక్కడే ఉంది, మన ప్రసంగాల్లో దాటేస్తాం. ఆమెకు పనికత్తెలున్నారు! మన అక్కలు చాలామంది ఆ అధ్యాయంలో గుణవతి ఇంట్లో లేరు, పనికత్తెల గదిలో ఉన్నారు. ఆ పనికత్తెల పిల్లల్ని ఎవరు చూశారు అని మనం అడగాలి.

నిర్గమకాండము రెండో అధ్యాయం ఆదివారపు బడిలో ఎన్నిసార్లు చెప్పాం! జమ్ముపెట్టె, ఏటి ఒడ్డు, కాపలా నిలబడిన అక్క. ఆడపిల్లలకు "ఆ అక్కలాగా ఉండండి" అని చెప్పి ముగిస్తాం. "చిన్న తల్లి" బహుమతి అలా పుట్టిందే. ఆ కథ అక్కడ ఆగదు. ఆ అక్క పరుగెత్తుకెళ్ళి ఒక ఏర్పాటు చేస్తుంది. ఫరో కుమార్తె ఆ బిడ్డను పెంచమని కన్నతల్లికే అప్పగించి, జీతం ఇస్తానంటుంది. రాజు ఇంటి డబ్బుతో, బానిస ఇంట్లో, బిడ్డ బతికాడు. పిల్ల కాపలా పని అయిపోయింది, ఆమె ఇంటికి వెళ్ళింది. ఆ అక్క ఏళ్ళ తరబడి ఆ ఒడ్డునే నిలబడాలని దేవుడు ఎక్కడా కోరలేదు. మనం మన పిల్లల్ని ఇంకా ఒడ్డునే నిలబెట్టాం.

రూతు గ్రంథం చివర కూడా చూడండి. ఊరుకాని ఊరు వచ్చి పరిగె ఏరుకున్న రూతు బిడ్డను కంటే, నయోమి కౌగిట్లోకి తీసుకుని దాది అయింది. మన అమ్మమ్మలందరూ నయోమిలే. అయితే నయోమి చుట్టూ ఇరుగుపొరుగు స్త్రీలు ఉన్నారు, పిల్లవాడికి పేరు పెట్టింది కూడా వాళ్ళే. మన నయోమి పక్షవాతంతో పడిపోయినప్పుడు ఇరుగుపొరుగైన మనం ఎక్కడున్నాం?

తమ్ముళ్ళూ, ముఖ్యంగా మీకు ఒక మాట. 2024లో ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంట్లో జీతం లేని పనికి స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. అదీ ఆ పని చేసే పురుషుల సగటు. అసలు చేయనివాళ్ళు ఆ లెక్కలో లేరు. గిటారు ప్రాక్టీసుకు మీరు రోజూ వచ్చే ఈ హాలు పక్క వీధిలోనే ఆ అమ్మాయి ఇల్లు. ఆమెకు అన్నలాంటివాళ్ళు మీరు పదిహేను మంది ఉన్నారు.

హాలు అన్నాం కాబట్టి, మా విన్నపం చెప్పేస్తాం. ఈ హాలు సోమవారం నుంచి శుక్రవారం దాకా తాళం వేసి ఉంటుంది. ఫ్యానులు, నీళ్ళు, మరుగుదొడ్డి, ప్రహరీ అన్నీ ఉన్నాయి. 1969లో ఢిల్లీలో రాజ్‌ఘాట్ దగ్గర కట్టడం పనిలో దుమ్ములో పడి ఉన్న కూలీల పిల్లల్ని చూసి మీరా మహదేవన్ గారు అక్కడే ఒక గుడారంలాంటి చోట క్రెష్ మొదలుపెట్టారు. మొబైల్ క్రెషెస్ అలా పుట్టింది. మనకు గుడారం కంటే మంచిదే ఉంది. కమిటీ పెద్దలు ఒప్పుకుంటే ఇద్దరు ఆయాలతో, పదిహేను మంది పిల్లలతో ఇక్కడ ప్రారంభించవచ్చు. ఆయాల జీతం సగం సంఘం నుంచి, సగం కుటుంబాల నుంచి రావాలి. పిల్లలతో పనిచేసేవాళ్ళ గురించి విచారించాలి, ఒక్కరినే ఒంటరిగా ఉంచకూడదు, తలుపు తెరిచే ఉండాలి. ఈ మూడూ లేకపోతే ప్రారంభించవద్దు.

అయితే ఒక భయం మాకుంది. మనం హాలు తెరిస్తే, "చర్చివాళ్ళు చూసుకుంటున్నారుగా" అని అధికారులు చేతులు దులుపుకోవచ్చు. అందుకని రెండూ ఒకేసారి జరగాలి. 2022 నుంచి పాల్నా అనే పేరుతో అంగన్‌వాడీల్లోనే రోజంతా క్రెష్ నడిపే పథకం ఉంది, దేశమంతా 17,000 కేంద్రాలు లక్ష్యం. మన రాష్ట్రంలో 2023-24 బడ్జెట్‌లో 4,000 గ్రామ పంచాయతీలకు "కూసిన మనె" ప్రకటించారు. మంచి పని. కానీ మనది గ్రామ పంచాయతీ కాదు, నగరసభ. ఊరి పిల్లకు ఇల్లు దొరికింది, లైన్ల పిల్లకు దొరకలేదు. మన అంగన్‌వాడీ సాయంత్రానికి ముందే మూసేస్తుంది, తల్లి రైలు రాత్రికి గానీ రాదు. ఈ మాట రాసి శిశు అభివృద్ధి అధికారికి ఇవ్వాలి. ఇవ్వాలంటే లెక్క కావాలి: ఏ లైనులో ఆరేళ్ళలోపు పిల్లలు ఎంతమంది, తల్లి ఎన్నింటికి వెళ్తుంది, ఎన్నింటికి వస్తుంది, ఇప్పుడు ఎవరు చూస్తున్నారు, చూస్తున్నవాళ్ళ వయసెంత. ఆ చివరి ప్రశ్న మరిచిపోకండి. కన్నడం రాయగలిగినవాళ్ళు మీలోనే ఉన్నారు, తల్లుల పేర్లు కార్డుల్లో కుదురుతున్నాయో లేదో అప్పుడే చూడండి.

ఆ అమ్మాయి సంగతి. హెడ్‌మాస్టరు గారిని కలిశాం. పేరు ఇంకా కొట్టెయ్యలేదు, వచ్చే సోమవారం వస్తే కూర్చోబెడతానన్నారు. హాలు సంగతి తేలేదాకా స్త్రీల సమాజంలో ఆరుగురు అక్కలు రోజుకొకరు చొప్పున ఆ ఇంటికి వెళ్ళడానికి ఒప్పుకున్నారు, అమ్మమ్మకు అన్నం, చంటివాడికి కాపలా. గురువారం ఇంకా ఖాళీగా ఉంది. పేర్లు రాసే పుస్తకం వెనక బల్ల మీద పెట్టాం, లైన్ల వారీగా లెక్క తీసే కాగితాలు కూడా అక్కడే ఉన్నాయి. ప్రార్థన అయ్యాక చూడండి.